‘మా’ హిల్‌బ్రోనా, ‘మన’ హిల్‌బ్రోనా?

జోహన్నెస్‌బర్గ్ నడిబొడ్డునున్న సెంట్రల్ మెథడిస్ట్ చర్చి మెట్ల మీద, వసారాల్లో, చివరికి బయటి కాలిబాట మీద కూడా జింబాబ్వే నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన జనం ఏళ్ల తరబడి పడుకున్నారు. బిషప్ పాల్ వెరిన్ వాళ్లకు తలుపులు తెరిచిపెట్టాడు. 2008 జనవరి 30 రాత్రి పోలీసులు ఆ చర్చిలోకే జొరబడి వందల మందిని పట్టుకుపోయారు. మే నెలలో అలెగ్జాండ్రాలో మొదలైన దాడులు ఇతర ప్రాంతాలకు పాకి 62 మందిని బలిగొన్నాయి. వారిలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే. పరాయివాడెవడో చంపినవాళ్లకే తెలియదన్నమాట.

క్రిస్టా కుల్జియన్ 2013లో ప్రచురించిన ‘శాంక్చువరీ’ ఈ చర్చి కథ. నిజాయితీగల పుస్తకం. అయినా చదివి మూశాక నా మనసులో నిలిచింది తలుపు తెరిచినవాడే. బయట కర్ర పట్టుకున్నవాడు మసకగానే ఉండిపోయాడు. చర్చి గురించి రాసిన పుస్తకాన్ని అంతకు మించి అడగటం న్యాయం కాదేమో.

ఆ రెండోవాడి కోసం నేను ఫస్వానే మ్పే నవల ‘వెల్‌కమ్ టు అవర్ హిల్‌బ్రో’ దగ్గరికి వెళ్లాను. 2001లో వచ్చింది. రచయిత 2004లోనే చనిపోయాడు, 2008ని చూడలేదు. కథకుడు చనిపోయిన రెఫెంత్షెను ‘నువ్వు’ అని పిలుస్తూ కథ చెబుతాడు. పరదేశి ఆఫ్రికన్లను అక్కడ ‘మక్వెరెక్వెరె’ అంటారు. అర్థంకాని మాటను వెక్కిరించే శబ్దమది. నగరంలోని రోగాలన్నీ వాళ్లవల్లేనని తిరగలాంగ్ పల్లె నమ్ముతుంది. అలా నమ్మిన రెఫిల్వేయే ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఒక నైజీరియన్‌ను ప్రేమించి, ఎయిడ్స్‌తో ఇంటికొచ్చి, ఆ మాటలు తానే పడుతుంది. మన వలస కథలు ఎక్కువగా బయల్దేరినవాడి వెంట నడుస్తాయి. చేర్చుకోవలసిన వీధి మనసులోకి ఇలా దిగినవి తక్కువ.

లోపం లేకపోలేదు. మ్పేకి ద్వేషం ప్రధానంగా పుకార్లలో పుడుతుంది. పుకారు పట్టుకోవడానికి ఖాళీ కడుపులు కావాలి కదా! 2008 జూలైలో జింబాబ్వే ద్రవ్యోల్బణం అధికారిక లెక్కల్లోనే 23.1 కోట్ల శాతం. 2009 జనవరిలో వంద లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చయింది. కలరా నాలుగు వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కణ్ణుంచి వచ్చినవాడూ, ఇక్కడ పనిలేక కూర్చున్నవాడూ ఒకే కూలి కోసం, ఒకే గది కోసం తలపడ్డారు. నవల ఈ పునాదిలోకి తగినంత తవ్వదు.

అయినా నన్ను వదలనిది దాని పేరు. తెలుగు చేయబోతే మొదటి చిక్కే అక్కడ. ఇంగ్లీషుకు ఒక్క మాట చాలింది; మనకు ‘మా’ ఉంది, ‘మన’ ఉంది. గడపలో నిలబడి అతిథిని పిలిచేవాడు ‘మా ఇంటికి రండి’ అంటాడు. వ్యాకరణమూ మర్యాదా రెండూ ‘మా’ వైపే. కానీ నవల సాగేకొద్దీ హిల్‌బ్రో, తిరగలాంగ్, ఆక్స్‌ఫర్డ్ అన్నీ ఆ ఒక్క మాట కిందికి వచ్చి చేరతాయి. చచ్చినవాడూ బతికినవాడూ అందులోనే. ‘మా’ అంటే వచ్చినవాడు ఎప్పటికీ అతిథే; తలుపు మూసే హక్కు మనదే. చర్చిలో ఆశ్రయం కూడా 2014 చివరికి ముగిసిపోయింది.

నేను తెలుగు చేస్తే ‘మన హిల్‌బ్రో’ అనే రాస్తాను. చదివిన మిత్రుడొకడు వినడానికి ఎబ్బెట్టుగా ఉందన్నాడు. ఉండనీ.