మాట మీద బతికే మనిషి

సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద మండలం దాటితే కర్ణాటకలోని బీదర్ జిల్లా, ఔరాద్ తాలూకా. 1956 దాకా నారాయణఖేడ్ కూడా బీదర్ జిల్లాలో తాలూకానే. రాష్ట్రాల మధ్య గీత తర్వాత వచ్చింది, చుట్టరికాలు అంతకు ముందువి. తెలుగు, కన్నడ, మరాఠీ, లంబాడీ కలగలిసిన మాట ఇప్పటికీ అటూ ఇటూ వినిపిస్తుంది. ఆ ఔరాద్ తాలూకాలోని ముర్కి దగ్గర 2018 జులై 13న, హైదరాబాద్ నుంచి స్నేహితులతో వచ్చిన ఒక యువ ఇంజినీరును జనం కొట్టి చంపారు. దారిలో ఒక ఊరి దగ్గర ఆగి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే వాళ్ళు చేసిన పని. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అని అక్కడివాళ్ళకు అనుమానం వచ్చింది. కారు కదిలింది. కారు కంటే ముందే వాట్సాప్ కబురు ముర్కి చేరింది, అక్కడ దారికి అడ్డం పెట్టారు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. మీడియా చదువుకునే పిల్లలకు మనిషి స్వభావం గురించి చెప్పాల్సి వస్తే నేను ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఈ ఘటన వినగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది: జనం గొర్రెలు, ఏం చెప్పినా నమ్ముతారు. దీనికి పెద్ద పెద్ద పేర్ల అండ కూడా ఉంది. అధికారం అనే కట్టు లేకపోతే మనుషులు ఒకరినొకరు భయంతో చంపుకుంటారని 1651లో తత్వవేత్త హాబ్స్ రాశాడు. సామాన్యుడు ప్రపంచాన్ని నేరుగా చూడలేడు, తలలో ఉన్న బొమ్మల్ని బట్టే నడుచుకుంటాడని 1922లో పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ వాదించాడు. ఇద్దరి మాటలోనూ బరువుంది. కానీ క్లాసులో అవి అరిగి అరిగి చివరికి గొర్రెల సిద్ధాంతంగానే మిగులుతున్నాయి. దానికి సాక్ష్యంగా అందరూ చూపించేది 1938 అక్టోబరు 30న అమెరికాలో ప్రసారమైన రేడియో నాటకం. అంగారకుల దాడి నిజమనుకుని దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందని చెబుతారు. దాన్ని పరిశోధించి 1940లో పుస్తకం వేసిన హాడ్లీ కాంట్రిల్ లెక్క ప్రకారమే, విన్నవాళ్ళు సుమారు 60 లక్షలు, బెదిరిపోయినవాళ్ళు 10 లక్షల పైచిలుకు. అంటే ఎక్కువమంది బెదరలేదు. కొందరు వేరే స్టేషన్ తిప్పి చూసుకున్నారు, కొందరు పేపర్లో కార్యక్రమాల పట్టిక వెతికారు. దేశం పరుగెత్తిందన్న కథను పెంచి పోషించింది మర్నాటి పత్రికలు. పాఠకుణ్ణి గొర్రె అనుకున్న విలేకరి గొర్రెల కోసమే హెడ్డింగ్ పెడతాడు. అందుకే ఈ సిద్ధాంతం మన వృత్తికి మంచిది కాదంటాను.

దీనికంటే నిజానికి దగ్గరగా ఉన్న ఆలోచన మన పాత తర్క సంప్రదాయమైన న్యాయ దర్శనంలో ఉంది. కంటికి కనిపించింది, ఊహతో తేల్చుకున్నది మాత్రమే కాదు, నమ్మదగిన మనిషి చెప్పిన మాట కూడా జ్ఞానానికి దారేనని నైయాయికులు పట్టుబట్టారు. చార్వాకులు ఒప్పుకోలేదు, చూసిందే నమ్మమన్నారు. బతుకు మాత్రం నైయాయికుల పక్షానే ఉంది. మన పుట్టినరోజు మనకు తెలిసింది అమ్మ చెబితే. కందికి ఏ మందు కొట్టాలో తెలిసేది దుకాణదారు చెబితే. ఎదుటివాడి మాట మీద ఆధారపడడం తెలివితక్కువతనం కాదు, మనిషిగా బతకడానికి అదే పునాది. వదంతి పాకేది కూడా ఈ దారినే. మన బలహీనతను పట్టుకుని పాకేదయితే చదువుతో పోయేది. మన మంచి గుణాన్ని పట్టుకుని పాకుతోంది కనుకే చదువుకున్నవాళ్ళూ దానికి దొరికిపోతున్నారు.

ఆ 2018లో దేశమంతా తిరిగిన ఒక వీడియోను దగ్గరగా చూడండి. సీసీ కెమెరాలో పట్టినట్టుండే దృశ్యం. వీధిలో ఆడుకుంటున్న పిల్లల మధ్యకు ఇద్దరు బైకు మీద వచ్చి ఒకణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో ఒక సంస్థ పిల్లల రక్షణ గురించి తీయించిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో వాళ్ళు వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దించి, జాగ్రత్త చెప్పే అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కోసేశారు, అంతే. ఉన్నది ఎక్కడా మార్చలేదు. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇక దాన్ని చేతికందించింది ఎవరు? బావమరిది, పక్కింటి అబ్బాయి, తోటి మేస్త్రీ. మాట పుట్టించినవాడు కనిపించడు, మాట మోసినవాడు మాత్రం మనవాడు. పూర్వం ఊళ్ళో దండోరా వేసినవాడు అబద్ధం చాటితే తెల్లారి అతణ్ణే నిలదీసేవాళ్ళు. మాట మీద నమ్మకాన్ని కాపాడింది ఆ జవాబుదారీతనం. ఫార్వర్డ్ దాన్ని తెంచింది. మనిషి స్వభావం ఏమీ మారలేదు.

సరే, నమ్మడం వేరు, చంపడం వేరు కదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న గట్టిదే. నా వాదానికి నొప్పి కలిగించేదీ అదే. ముర్కిలో విషయం లిప్‌మన్ చెప్పినట్టు దూరపు ప్రపంచం కాదు. కారు కళ్ళెదుటే ఉంది, మనుషులు కళ్ళెదుటే ఉన్నారు, అడిగి తెలుసుకోవచ్చు. అడగలేదు. అదే నెల 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో చంపేసిన ఐదుగురూ సంచార తెగవాళ్ళు. ఆ ఏడాది ఇలా బలైనవాళ్ళలో ఎక్కువమంది ఊరికి కొత్తవాళ్ళే. నమ్మకానికి ఒక చీకటి వైపుంది: మనవాడి మాటను ఎంత గట్టిగా పట్టుకుంటే పరాయివాడి మాట అంతగా వినిపించదు. ఈ ప్రమాదానికి మందు కూడా న్యాయ దర్శనంలోనే దొరుకుతుంది. నమ్మదగినవాడంటే విషయం నేరుగా తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడని, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒకటేనని వాత్స్యాయనుడు తన న్యాయసూత్రాల భాష్యంలో రాశాడు. మాట విలువ చెప్పినవాడి పుట్టుకలో లేదు, వాడికి విషయం ఎలా తెలిసిందన్నదాంట్లో ఉంది. కారులోని మనుషులే ఆ క్షణంలో తమ గురించి నేరుగా తెలిసినవాళ్ళు.

కంపెనీలు సాఫ్ట్‌వేర్ సరిచేసుకుంటే పోతుంది, ఇంత తత్వమెందుకు అనేవాళ్ళున్నారు. ముర్కి ఘటన జరిగిన వారానికి వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేస్తామంది. వేగం తగ్గడం మంచిదే, ప్రాణాలు నిలబెట్టే మంచే కావచ్చు. కానీ జవాబుదారీతనం దానివల్ల తిరిగి రాదు. అది ఎలా వస్తుందో ఆ ఏడాదే జోగులాంబ గద్వాలలో కనిపించింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ ఒక కానిస్టేబుల్‌ను అప్పగించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ళను చేర్పించారు, డప్పులతో పాటలు కట్టించి వదంతి గురించి చెప్పించారు. అబద్ధాన్ని ఖండించడానికి పేరూ ముఖమూ ఉన్న ఒక మనిషిని ఊరి మధ్య నిలబెట్టడమే అక్కడ జరిగిన అసలు పని. ఈ వదంతులు ఆ ఊళ్ళలో ప్రాణం తీయలేదు. మన జిల్లాలోనే, ఝరాసంగం మండలం మాచనూరులో, 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో కూడా ఇలాంటిదే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు నడిపిన ఆ స్టేషన్‌లో విత్తనం గురించి తప్పు చెబితే, విన్న ఆడవాళ్ళు వాళ్ళను ఇంటికెళ్ళే దారిలోనే ఆపి అడగగలిగేవాళ్ళు. వినేవాళ్ళకు అందేంత దగ్గరలో ఉండడమే దాని బలం.

కెమెరా, స్క్రిప్టు, సాఫ్ట్‌వేర్ నేర్పడానికే సెమిస్టర్ చాలడం లేదని కళాశాలలు అంటాయి. ఒక్క వారం చాలు. ఆ కరాచీ వీడియోను ముందు కోసిన రూపంలో, తర్వాత పూర్తిగా చూపించాలి. పిల్లలు తమ ఫోన్‌కు నిన్న వచ్చిన ఒక ఫార్వర్డ్ తీసుకుని, ఇచ్చినవాణ్ణి అడిగి, వాడికి ఇచ్చినవాణ్ణి అడిగి, వెనక్కి వెనక్కి నడవాలి, ఎక్కడ దారి తెగిందో రాసుకోవాలి. నాగల్‌గిద్ద లాంటి చోట ఆ దారి రెండు మూడు భాషలు మారి, రాష్ట్రం గీత దాటి ఔరాద్‌లోకో మహారాష్ట్రలోని దెగ్లూర్‌లోకో పోతుంది. కాబట్టి ఆ పని చేసే బృందంలో కన్నడ తెలిసినవాళ్ళు, మరాఠీ తెలిసినవాళ్ళు, తండా నుంచి వచ్చినవాళ్ళు కలిసి ఉండాలి.