రెండు చెంపలూ సమంగా

మీసానికి ముక్కూ పెదవీ హద్దులు. గడ్డానికి దవడ ఎముక ఉంది. చెవి ముందు నుంచి దిగే సైడ్‌లాక్స్‌కి మాత్రం కింద హద్దంటూ లేదు, ఎక్కడ ఆపితే అక్కడే. అందుకే తలంతా పావుగంటలో కత్తిరించేసే చెయ్యి తిరిగిన పనివాడు కూడా ఈ అంగుళం దగ్గర నిదానిస్తాడు.

అప్పుడతను చేసేది చూడాలి. కుర్చీ వెనక నిలబడి, రెండు అరచేతులతో తల పట్టుకుని నిటారుగా నిలుపుతాడు. చూపుడువేళ్లు రెండూ సైడ్‌లాక్స్ చివర్ల దగ్గర అడ్డంగా ఆనించి, తలవైపు కాకుండా అద్దంలోకి చూస్తాడు. ఏ వేలు వెంట్రుకవాసి కిందికి ఉంటే ఆ వైపు అంతే తీస్తాడు. చెవుల్ని కొలతగా పెట్టుకోడు. రెండు చెవులూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్న మనిషి అరుదు. పని నేర్చుకుంటున్న కుర్రాడు చెవిని నమ్ముతాడు. ఎడమది పొడుగైందని ఎడమవైపు, ఇప్పుడు కుడిది పొడుగైందని కుడివైపు గీస్తూ పోయి రెంటినీ కణతల దాకా ఎక్కిస్తాడు. కళ్లజోడు తీసి పక్కన పెట్టిన పెద్దమనిషికి ఆ ఘోరం ఇంటికెళ్లాక గానీ తెలియదు.

చివరి గీత ఇంకా నాజూకు. సగానికి విరిచిన బ్లేడు కత్తికి బిగించి, చెంప చర్మాన్ని బొటనవేలితో పైకి లాగి పట్టి ఒక్కటే గీత గీస్తాడు. వేలు వదలగానే చర్మంతోపాటు గీతా కిందికి జారుతుంది. ఎంత జారుతుందో ముందే లెక్కేసుకుని ఆ మేరకు పైన గీయాలి. ముసలి చెంపకి ఒక లెక్క, పడుచు చెంపకి ఇంకో లెక్క. ఏ యూట్యూబ్ వీడియో చూసినా ఈ లెక్క చేతికి రాదు.

తలజుట్టూ గడ్డమూ కలిసేది కూడా ఇక్కడే. పైభాగం మెత్తగా వాలి ఉంటుంది, కిందికొచ్చేసరికి బిరుసెక్కి బయటికి పొడుచుకొస్తుంది. డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోన్ గడ్డాన్ని దట్టం చేస్తుంది, బట్టతల వంశంలో ఉన్నవాళ్లకి అదే నడినెత్తిని పలచన చేస్తుంది. గుబురు గడ్డం, ఖాళీ నెత్తి ఉన్న బాబాయి ప్రతి పెళ్లిలోనూ కనిపించేది ఇందుకే. ట్రిమ్మర్‌కి ఒకే నంబరు దువ్వెన తగిలించి పైనుంచి కిందికి లాగేస్తే పైన బోసిగా, కింద గుబురుగా తేలుతుంది. తెలిసినవాడు మధ్యలో నంబరు మారుస్తాడు.

సైన్యాలకి ఇలాంటి సందిగ్ధం నచ్చదు. చెవి రంధ్రం అడుగు దాటి సైడ్‌లాక్స్ దిగకూడదని అమెరికా సైన్యంలో చాలాకాలం నిబంధన ఉండేది. చిత్రమేమిటంటే, ప్రపంచంలోకెల్లా పేరుమోసిన చెంపలు ఆ సైన్యంలోవే. జనరల్ ఆంబ్రోస్ బర్న్‌సైడ్ గడ్డం నున్నగా గీయించి, మీసాన్ని చెంపలమీదుగా చెవుల దాకా పాకించాడు. 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధంలో ఆయన చిత్తుగా ఓడాడు. జనానికి గుర్తున్నది మాత్రం ఆ చెంపలే. 1958 మార్చిలో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ అదే సైన్యంలో చేరినప్పుడు, ఆర్కాన్సాలోని ఫోర్ట్ చాఫీలో అతని జుట్టు తీస్తుంటే ఫొటోగ్రాఫర్లు చుట్టూ మూగారు.

మన ఇళ్లలో 1970ల నాటి పెళ్లి ఆల్బమ్ తెరిస్తే బెల్‌బాటమ్ ఎంత వెడల్పో పెళ్లికొడుకు సైడ్‌లాక్స్ అంత వెడల్పు. 2019లో వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్ నుంచి తిరిగొచ్చాక కుర్రాళ్లు చెంపల మీదికి పాకిన ఆయన మీసం కావాలని సెలూన్లలో కూర్చున్నారు. పెట్టించుకోవడం ఒక పూట పని. నిలబెట్టాలంటే గడ్డం, దాని అంచులు నున్నగా ఉండాలి, అంటే రోజూ కత్తి పట్టాలి. అసలు గడ్డం పెంచడమే దీనికంటే సులువు.

అయ్యప్ప దీక్ష ముగించి వచ్చినవాళ్ల సంగతి వేరు. నలభై ఒక్క రోజులు పెరిగిన గడ్డంలో పాత సైడ్‌లాక్స్ ఎక్కడ ఆగేవో జాడ ఉండదు. పనివాడు ముందు కత్తెరతో కురచ చేసి, ‘‘స్వామీ, ఎంతవరకు ఉంచమంటారు?’’ అని అడుగుతాడు. స్వామికీ గుర్తుండదు. చెవి దగ్గర కాస్త ఎక్కువే ఉంచి గడ్డం తీసి, మొహం బయటపడ్డాక మళ్లీ వేళ్లు ఆనించి చూడటం మంచి పద్ధతి. తీసింది అతికించలేం కదా.

మగవాళ్లలో చాలామందికి తెలుపు మొదట కనబడేదీ చెంపల్లోనే. అక్కడ జుట్టు కురచ, చర్మం బయటికి కనిపిస్తుంటుంది కాబట్టి ఆ తెలుపు దాచడానికి వేసే రంగు ముందు చర్మానికే అంటుకుంటుంది. అంచు వెంబడి వేజలైన్ రాసి వేస్తే మరక పడదు. దురద మాట అలా కాదు. నల్ల రంగుల్లో చాలావాటిలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, చెంపలు వాచిపోతాయి. చెవి వెనక చుక్క రాసి 48 గంటలు చూడమని ప్యాకెట్ల మీద సన్నక్షరాల్లో రాస్తారు. సాయంత్రం రిసెప్షన్ పెట్టుకుని మధ్యాహ్నం ప్యాకెట్ చింపేవాళ్లకి ఆ అక్షరాలు కనబడవు.