చుక్కల కొల్లేరు

"కథలు రాసుకునేదానివి, బొమ్మల సంగతి నీకెందుకు?" అంటారు మావారు. నిజమే. కానీ పాతికేళ్ళుగా చీరల కొట్లలో రంగులు ఎంచిన కంటికి ఆపాటి హక్కు లేదంటారా?

మొన్న తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు మా అక్కయ్య కూతురు ఆయిల్ రంగుల్లో వేసిన కొల్లేరు బొమ్మ చూపించింది. ఆటపాక దగ్గర సాయంత్రం. నీళ్ళు, తుంగ, గూడబాతులు, అన్నీ చుక్కలే! "ఇదేమిటే, కాన్వాసుకి అమ్మవారు పోసినట్టుంది!" అన్నాను. "గుమ్మం దాకా వెళ్ళి చూడు పిన్నీ" అంది. వెళ్ళి చూద్దును కదా, పొక్కులన్నీ నీళ్ళయిపోయాయి. వాటిమీద పొద్దువాలే ఎండ కూడా పడుతోంది.

కిటుకు మనకి తెలిసిందే. నెమలికంఠం పట్టుచీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. రెండూ కలిపేది మన కన్నే. పారిస్‌లో గోబెలిన్ అద్దకాలు చూసే షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి దగ్గరికి, నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులొచ్చేవట. లోపం అద్దకంలో లేదు, పక్కనున్న రంగులో ఉందని గ్రహించి ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. ఆ సూత్రాలు ఒంటబట్టించుకున్న జార్జ్ స్యూరా, 1884-86 మధ్య, సీన్ నది లంకలో జనం ఆదివారం సేదతీరడాన్ని పదడుగుల వెడల్పున చుక్కలతో చిత్రించాడు. అదిప్పుడు చికాగోలో ఉంది. పాపం, 31 ఏళ్ళకే, 1891లో పోయాడు.

పుస్తకంలో ఆ బొమ్మ చూడండి. చుక్కలే అయినా గొడుగుల అంచులు, టోపీల అంచులు కత్తిరించినట్టుంటాయి. మా పిల్ల బొమ్మలో లేనిది అదే. నీరెక్కడ ఆగిందో, నేలెక్కడ మొదలైందో తెలియదు. సరస్సెంతవరకు, చేపల చెరువెంతవరకు అన్నదే కదా కొల్లేటి తగవంతా!

"గట్లు వెయ్యలేదేమే?" అన్నాను.

"నాన్న చూస్తారు కదా పిన్నీ" అంది, గొంతు తగ్గించి.

2006లో ప్రభుత్వం సరస్సులోని చెరువుల గట్లు తెగ్గొట్టించినప్పుడు, బావగారు లీజుకి పెట్టిన డబ్బంతా ఆ నీళ్ళలోనే పోయింది.

అక్కడ నోరు మెదపలేకపోయాను. కానీ విమర్శ అని మొదలుపెట్టాక దాచకూడదు. బొమ్మ అందంగా ఉంది. ఒక్క గట్టు, తెగినదైనా సరే, వేసి ఉంటే అది మా కొల్లేరయ్యేది. గట్టునీ చుక్కలతోనే వెయ్యొచ్చు. చూస్తే బావగారు బాధపడతారేమో. తన కష్టం పిల్ల మరిచిపోలేదని సంతోషించినా సంతోషిస్తారు.

ఈసారి వెళ్ళినప్పుడు, ఆయన ఇంట్లో లేని సమయం చూసి, ఈ పేజీ దాని చేతిలో పెట్టి వస్తాను.