ఒక్కసారే అడగాలి

అక్క పెళ్లప్పుడు శుభలేఖల మీద చిరునామాలు రాసే పని నాకు అప్పగించారు. ఒక్కో పేరు దగ్గరా ఆగి, లేచి, వంటింట్లోకెళ్లి అమ్మనడిగి వచ్చేవాణ్ణి. పదో శుభలేఖకి అమ్మ పని ఆపి, "పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకురారా, ఒక్కసారే చెప్పేస్తాను" అంది.

మొన్న ఆ మాటే మళ్లీ గుర్తొచ్చింది. నేను చూసుకునే ఒక పత్రిక సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. అందులో పాత సంచికల పేజీ ఉంది: 50 శీర్షికలు, వాటికి లింకులు. ఒక్క బొమ్మ కూడా లేదు. అయినా తెరుచుకోవడానికి మొరాయిస్తోంది. క్వెరీ మానిటర్ ప్లగిన్ పెట్టి చూస్తే, డేటాబేస్‌కి వెళ్లిన క్వెరీలు వంద దాటాయి.

తప్పు నాదే. పేజీ తేలిగ్గా ఉండాలని వ్యాసం నంబరు, శీర్షిక మాత్రమే తెచ్చే ఎస్‌క్యూఎల్ సొంతంగా రాశాను. ఆపైన లూపులో ఒక్కో నంబరునీ గెట్ పర్మాలింక్ ఫంక్షన్‌కి ఇచ్చాను. నంబరు ఒక్కటే ఇస్తే లింకు తయారవదు. ముందు ఆ వ్యాసం వివరాలు తెచ్చుకోవాలి, అదొక క్వెరీ. మా లింకుల్లో విభాగం పేరు కూడా ఉంటుంది కాబట్టి దానికి ఇంకొకటి. ఇలా యాభైసార్లు. (శీర్షికనే లింకులో పెట్టుకోవచ్చుగా అంటారేమో. అక్కడ ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి గుర్తులుగా మారుతుంది. డేటాబేస్‌లో దాన్ని దాచే గడి 200 గుర్తుల దగ్గర ఆగిపోతుంది. పొడుగు శీర్షిక మధ్యలోనే తెగుతుంది.)

వర్డ్‌ప్రెస్ సొంత డబ్ల్యూపీ క్వెరీ వాడి ఉంటే ఈ తిప్పలే లేవు. వ్యాసాలతోపాటు వాటి విభాగాలనీ అదే ముందుగా క్యాష్‌లో పెట్టుకుంటుంది. ఎస్‌క్యూఎల్ ఉంచాల్సి వచ్చింది కనుక, లూపుకి ముందు ప్రైమ్ పోస్ట్ క్యాషెస్ అనే ఫంక్షన్‌కి 50 నంబర్లూ ఒకేసారి ఇచ్చాను. విభాగాలు కావాలన్నాను, వ్యాసాల అదనపు వివరాలుండే మెటా వద్దన్నాను, లింకుకి దాంతో పనిలేదు. వందకి పైగా ఉన్న క్వెరీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నిటికి దిగాయి.

వ్యాసాల సంగతి తేలింది, ఇక మిగిలింది సైటులోని విడి పేజీల లింకులు. ఒక పేజీ కింద ఇంకో పేజీ ఉంటే, లింకు కోసం తల్లి పేజీని, దాని తల్లి పేజీని ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ పైకెళ్లాలి. ఆ తల్లుల నంబర్లన్నీ ముందే పోగుచేసే కోడ్ రాస్తున్నాను.