బస్సు కిటికీలో ఆకాశం

ఈ సంవత్సరం మా కళాశాల విద్యార్థులు గోడపత్రికను కవితలతో కాక ఫోటోలతో నింపారు. మొత్తం 32 ఫోటోలు. తీసినవాళ్ళెవరూ ఫోటోగ్రఫీ నేర్చినవాళ్ళు కారు. మడికొండ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కాజీపేట మీదుగా హనుమకొండకు రోజూ బస్సుల్లోనో, బండ్ల మీదనో వచ్చిపోయే పిల్లలు. దారిలో కంటికి నచ్చినదాన్ని చేతిలోని ఫోనుతో తీశారు. వాటిలో 26 ఫోటోల్లో వస్తువు ఒక్కటే: ఆకాశం. పొద్దుపొడుపు, పొద్దుగూకు, వానమొగులు, మెట్టుగుట్ట జంట బండల మీద వెలుతురు, మళ్ళీ పొద్దుగూకు.

వీటి మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. నేనూ మడికొండ నుంచి అదే బస్సులో వచ్చేవాణ్ణి కనుక ఉత్సాహంగానే చెప్పాను. నేను చెప్పినదానిలో సగం తప్పని అక్కడే తేలింది. ఆ సగమేమిటో, మిగిలిన సగాన్ని నేను ఎందుకు వదులుకోనో చెప్పడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆ రోజు నేనన్నది ఇది. ఆకాశాన్ని చూచి నిట్టూర్చే భావకవులను మనం విమర్శించాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగేనాటికే కవిత్వం నేలకు దిగాలన్న మాట గట్టిగా వినిపిస్తున్నది. ఎనభై ఏళ్ళ తరువాత మీరు అదే ఆకాశానికి ఫోను ఎక్కుపెట్టారు. ఈ దారి పొడుగునా మనుషులున్నారు. పత్తి ఏరే కూలీలున్నారు. సూరత్ మిల్లుల నుంచి తిరిగివచ్చి ఇక్కడ మరమగ్గాలు పెట్టుకొన్న నేతవాళ్ళున్నారు. కాజీపేట జంక్షన్‌లో పగలూ రాత్రీ పనిచేసే రైలు కార్మికులున్నారు. మీ ఆకాశాల కింద వీళ్ళలో ఒక్కరూ లేరేం? దీన్ని పలాయనం అనక ఏమనాలి?

పిల్లలు మాట్లాడలేదు. కొంతసేపటికి రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి లేచింది. "పొద్దుగాల ఐదింటికి లేస్త సార్. ఇంట్ల పని, కాలేజి, మళ్ళ ఇంట్ల పని. కిటికి పక్కన సీటు దొరికిన్నాడు గా అరగంటనే నాకు ఎవ్వరు పని చెప్పరు. అప్పుడు మొగులు దిక్కు చూస్త. గది గూడ తప్పేనా?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి ఆలోచించాను. పనిలేనివాడు ఆకాశం చూడడమూ, పని మధ్య దొరికిన అరగంటలో ఈ అమ్మాయి ఆకాశం చూడడమూ ఒకటేనా? ఒకటి కాదు. 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మె చేసింది ఎందుకు? పనికీ నిద్రకూ పోను మిగిలిన కాలం తమది కావాలనే గదా! ఆ కాలాన్ని సభలోనే గడపాలని, మబ్బులు చూడరాదని వాళ్ళు అనలేదు. శ్రమజీవికి విశ్రాంతి కావాలని కొట్లాడిన మనం, ఆ విశ్రాంతిలో అతని చూపు ఎటు పోవాలో కూడా శాసిస్తామా? అది అభ్యుదయ దృక్పథం కాదు, పెత్తనం. నా విమర్శలో తప్పిన సగం ఇది.

ఆకాశం భావకవుల సొత్తు అన్న భ్రమ కూడా నాలో ఎక్కడో ఉన్నది. మా ప్రాంతంలో మబ్బు కమ్మితే "మొగులైంది" అంటారు. ఆ మాట అనే రైతు గొంతులో ఆశ ఉంటుంది, భయమూ ఉంటుంది. మృగశిరలో అదే మొగులు అతనికి విత్తనం. పత్తి పగిలిన తరువాత అదే మొగులు అప్పు. ఆకాశాన్ని అందరికంటె శ్రద్ధగా చూచేవాడు రైతు. కవులు తరువాత వచ్చారు.

కనుక ప్రశ్న మారాలి. ఆకాశాన్ని ఎందుకు తీశారన్నది ప్రశ్న కాదు. ఎట్లా తీశారు, తీసేటప్పుడు ఏం వదిలేశారు? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఫోటోలో ఆకాశానికున్న చరిత్రను కొంచెం చూడాలి.

పందొమ్మిదో శతాబ్దపు ఫోటో పలకలకు నీలి కాంతి మీద మక్కువ ఎక్కువ. నేల సరిగా పడేదాకా ఆగితే ఆకాశం తెల్లబోయేది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1856-57 ప్రాంతంలో దీనికి ఒక ఉపాయం చేశాడు: సముద్రాన్ని ఒక పలక మీద, మబ్బులను మరొక పలక మీద తీసి, ముద్రించేటప్పుడు రెంటినీ అతికించాడు. అంటే ఫోటోలోని ఆకాశం మొదటినుంచీ మనిషి చేసిన వస్తువే. ఈనాటి ఫోను కూడా చేసేది ఇంచుమించు ఆ పనే. ఒక్క నొక్కులో వెలుగు హెచ్చుతగ్గులతో అనేక చిత్రాలు తీసి, నేలను ఒకదాని నుంచి, ఆకాశాన్ని మరొకదాని నుంచి తీసుకొని కలుపుతుంది. రంగులకు తానే మెరుగు పెడుతుంది. "ఉన్నది ఉన్నట్టు తీశాను" అనే విద్యార్థి ఈ సంగతి తెలుసుకోవాలి.

మన వైపు చూస్తే, ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) నిజాం రాజ్యపు దృశ్యాలను ఎన్నో తీశాడు. ఆ పనితనం గొప్పది. కాని ఆ దృశ్యాలు ఎవరి కోసం? దొర తన రాజ్యాన్ని తాను చూచుకోవడానికి, అతిథులకు చూపించుకోవడానికి. ఆ చూపులో కోట, గుడి, మహలు ముఖ్యం. పక్కన నిలబడ్డ మనిషి చాలా తావుల కట్టడం ఎత్తు తెలియడానికి పెట్టిన కొలబద్ద.

ఇక అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922 నుంచి మబ్బులనే తీయడం మొదలుపెట్టాడు. తరువాత వాటికి "ఈక్వివలెంట్స్" అని, అంటే తన మనఃస్థితులకు సమానమైనవని పేరు పెట్టాడు. చాలావాటిలో నేల జాడే లేదు. ఎటు పైనో ఎటు కిందో కూడా తెలియదు. ఫోటోలో భావకవిత్వం అంటే ఇదే. దాని శక్తిని నేను కాదనను. కాని ఆ మనిషి ఎవరో, ఎక్కడ నిలబడి చూశాడో ఆ ఫోటో మనకు చెప్పదు. చెప్పకూడదన్నదే దాని నియమం.

దీనికి ఎదురుగా సునీల్ జానాను నిలబెట్టండి. 1943 బెంగాల్ కరువును పి.సి. జోషీతో కలిసి తిరిగి తీసినవాడు. తెలంగాణ రైతాంగ పోరాట కాలపు చిత్రాలు తీసినవాడు. కెమెరాను కిందికి దించి శ్రమజీవిని ఆకాశం మీద నిలబెట్టిన చిత్రాలు ఆయనవి ఉన్నాయి. వాటిలో ఆకాశం ఉన్నది, విశాలంగానే ఉన్నది. మనిషి ఎత్తును చూపడానికి ఉన్నది. మన వరంగల్లు బిడ్డ, 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెను, బతుకమ్మను దశాబ్దాల పాటు తీశారు. వీళ్ళిద్దరి దారులు వేరైనా మనిషి లేని అందాన్ని వెతుక్కొంటూ పోలేదు.

ఈ చరిత్రతో మళ్ళీ గోడపత్రిక దగ్గరికి వస్తాను. రెండు ఫోటోలను మాత్రమే తీసుకొంటాను.

మొదటిది అందరూ మెచ్చినది. మడికొండ దాటాక బండి ఆపి తీసిన పొద్దుగూకు. ఆకాశమంతా ఎరుపు, దానిలో నారింజ చారలు. కింద సన్నని నల్లని గీతగా నేల. ఎంతో అందంగా ఉన్నది. అయితే ఆ తావు నాకు తెలుసు. ఏళ్ళ తరబడి పట్నపు చెత్తను తెచ్చి పోసిన గుట్ట అక్కడ ఉన్నది. అది అంటుకొన్న రోజుల్లో చుట్టుపక్కల ఇండ్లలో తలుపులు మూసుకొని కూర్చొంటారు. పిల్లలు దగ్గుతారు. నల్లని గీతగా మిగిలింది ఆ గుట్టే. వాల్టర్ బెన్యమిన్ 1934 నాటి "ఉత్పత్తిదారుగా రచయిత" అనే ప్రసంగవ్యాసంలో ఇటువంటి ఫోటోగ్రఫీనే తప్పుపట్టాడు. పేదల ఇండ్లనూ చెత్తకుప్పలనూ కూడా అందంగా మార్చి, దారిద్ర్యాన్ని భోగ్యవస్తువు చేస్తున్నదన్నాడు. ఆయన మన మడికొండను చూడలేదు గాని, ఆ మాట ఈ ఫోటోకు అతికినట్టు సరిపోతుంది.

ఈ మాటే తీసిన విద్యార్థితో అన్నాను. అతను నొచ్చుకొన్నాడు. "సార్, మా ఇల్లు ఆ కుప్ప పక్కనే. ఆ ఎరుపు పొగ వల్లనే. పొగ తీసిన్నని నాకు తెలుసు" అన్నాడు. నిజమే. పొగలోని సన్నని రేణువులు నీలి కాంతిని చెదరగొడితే మనకు ఎరుపు మిగులుతుంది. అతనికి తెలుసు. నాకు తెలుసు. గోడ ముందు నిలబడి "ఎంత బాగుందో" అన్న అరవైమందికి తెలుసా? తెలియదు. తీసినవాని గుండెలో ఉన్నది బొమ్మలోకి రాకపోతే విమర్శకుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేడు. కవిత్వానికి వర్తించే ఈ సూత్రం ఫోటోకూ వర్తిస్తుంది. నేను వదులుకోనన్న సగం ఇది.

బెన్యమిన్ ఫోటోగ్రాఫర్ నుంచి కోరినది ఒకటి ఉన్నది: బొమ్మ కింద మాట. ఆ విద్యార్థి మరునాడు ఫోటో కింద ఒక కాగితం అంటించాడు: "మడికొండ. సాయంత్రం ఆరుంబావు. కుప్ప కాలుతున్న మూడో రోజు." ఫోటో మారలేదు, చూచేవాళ్ళు మారారు. ముందు రోజు మెచ్చుకొన్నవాళ్ళు ఈసారి ఆ నల్లని గీత దగ్గరికి వంగి చూశారు. ఎరుపు అందం పోలేదు. కాని దాన్ని చూచి ఊరక సంతోషించడం ఇక వాళ్ళకు కుదరలేదు.

రెండో ఫోటో ఆ అమ్మాయిది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కిటికీ చువ్వ అడ్డం వచ్చింది. అద్దం మీద చినుకులు. ముందు సీటులోని ఒక స్త్రీ భుజం, ఆమె ఒడిలో టిఫిన్ డబ్బా సగం. వీటన్నిటి వెనుక నల్లటి వానమొగులు. "చువ్వను తీసేయాల్సింది సార్, ఫోన్ల తీసేసుడు వస్తది" అన్నది ఆమె సిగ్గుపడుతూ. తీయవద్దన్నాను. ఆ చువ్వ వల్లనే ఇది ఆమె ఆకాశం అయింది. ఆమె ఎక్కడ కూర్చున్నదో, ఎంత ఆకాశం ఆమె వంతుకు వచ్చిందో ఆ చువ్వ చెబుతుంది. చువ్వను చెరిపేస్తే అది ఎవరిదైనా కావచ్చు, అంటే ఎవరిదీ కాదు. ముప్పై రెండింటిలో నాకు అన్నిటికంటె మంచిదిగా తోచింది ఇదే.

మడికొండ కాళోజీ పెరిగిన ఊరు. ఆయన తన కవిత్వానికి "నా గొడవ" అని పేరు పెట్టుకొన్నారు. ఆ "నా"లో ఊరంతా ఇమిడింది. తాను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో దాచనివాని "నా" అది. మన విద్యార్థుల ఫోటోలకు కొలత అదే కావాలి. ఆకాశాన్ని తీయండి, ఎంతైనా తీయండి. మీరు నిలబడిన తావును మాత్రం కత్తిరించకండి. కరెంటు తీగలు అడ్డొస్తే రానివ్వండి. ఊరి పేరూ, గడియా కింద వ్రాయండి. మనం విమర్శకులం కూడా, పిల్లవాడు పైకి చూడగానే పలాయనం అని కేక వేయడానికి ముందు, అతను ఏ సీటులో కూర్చొని చూస్తున్నాడో ఒకసారి అడుగుదాం.