స్వర్గసీమలోని పాటకత్తె

ఎనుబదేండ్లు దాటిన యొక చలనచిత్రమును గూర్చి యిప్పుడు విమర్శ వ్రాయబూనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. వాహినీవారి “స్వర్గసీమ” 1945 జనవరిలో వెలువడినది. దర్శకులు బి. యన్. రెడ్డిగారు. నాయకపాత్ర చిత్తూరు నాగయ్యగారిది. దానిని తొలినాళ్లలో చూచినవారు నేడు మిక్కిలి కొద్దిమంది. అయినను అందలి పావురముపాట నేటికిని జనుల నోళ్లలో నున్నది. మేము ఆ చిత్రమును మరల చూచుటకు కారణము పాటకాదు, బడిలో జరిగిన యొక చిన్న సంగతి.

మేము పాలంపేటలో నివసించు ఉపాధ్యాయులము. గత సంవత్సరము వార్షికోత్సవమునకు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆ పావురముపాటను పాడెదనని పేరిచ్చినది. గొంతు మంచిది; శ్రుతి తప్పదు. పాటను నాయనమ్మ యొద్ద నేర్చుకొన్నదట. మేము పట్టికలోని ఆ పాటను కొట్టివేసి, భజనకీర్తన ఏదైనను పాడుమంటిమి. సినిమాలో ఆ పాట పాడునది పరుల కాపురము చెరచిన స్త్రీ యని కారణము చెప్పితిమి. బాలిక కొంతసేపు తల వంచుకొని నిలిచి, “రామప్పకు తీస్కపోయినప్పుడు గుడిమీది ఆడోళ్లను మీరే చూపెట్టిన్రు గద సార్. ఆళ్లు ఆడితె మంచిగున్నది, నేను పాడితె తప్పా?” అన్నది. మేమేదో చెప్పి తరగతికి పంపివేసితిమి. ఏమి చెప్పితిమో జ్ఞాపకము లేదు.

రామప్పగుడి యని లోకము పిలుచు మా యూరి రుద్రేశ్వరాలయమును కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థానముగా గుర్తించినది. స్తంభముల తలలనుండి చూరువరకు ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను చూడ దూరదేశములనుండి జనులు వచ్చుచుందురు. అందొకతె పాదరక్షల మడమలు ఎత్తుగా నున్నవని దారిచూపువారు నవ్వుచు చూపింతురు; వచ్చినవారు ఫొటోలు తీసికొందురు. అదే గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనాని నృత్తరత్నావళిని రచించి, మార్గనృత్తముతోపాటు దేశినృత్తములకును శాస్త్రగౌరవము కల్పించెను. నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథమును, ఈ శిల్పములను పరిశీలించియే పేరిణిని మరల రంగమున కెక్కించిరి. ఇదంతయు మేము ఏటేట పిల్లలకు గర్వముతో చెప్పుదుము. ఆ మదనికల శీలమును గూర్చి ఇంతవరకు ఏ ఉపాధ్యాయుడును ఏ శిల్పమును ప్రశ్నింపలేదు. రాతిది గనుక ఆమెకు ఆ సౌకర్యము కలిగినది.

ఇక చిత్రకథ. మూర్తి పత్రికాసంపాదకుడు. (మా సంపాదకులు కోపగింపకుందురు గాక.) భార్య కల్యాణి, పిల్లలు, చిన్న యిల్లు, అదియే స్వర్గసీమ. వీధిలో ఆడిపాడి పొట్టపోసికొను సుబ్బి అతని కంటబడును. ఆమె గొంతునకు ముగ్ధుడై ఆమెను నాటకరంగమునకు చేర్చును. సుబ్బి సుజాతాదేవి యగును. పేరు, ధనము, పట్టుచీరలు వచ్చును. మూర్తి భార్యాబిడ్డలను విడిచి ఆమె వెంట పోవును. భ్రమ తీరి తుదకు ఇల్లు చేరును. కల్యాణి అతనిని ఏలుకొనును.

యుద్ధకాలము. ముడిఫిల్ము దుర్లభమై, చిత్రములు 11,000 అడుగులు మించరాదని ప్రభుత్వము కట్టడిచేసిన దినములవి. ఆ పొదుపు ఈ చిత్రమునకు మేలే చేసినది. నేటివారు మూడు పాటలలో చెప్పునది ఇందొక చూపులో తేలిపోవును. మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణము ఇంటి దీపపు వెలుగునకును రంగస్థలపు వెలుగునకును గల భేదమును చక్కగా పట్టినది. చక్రపాణిగారి మాటలు ఇంటిలో మాటలాడుకొను మాటలు. కన్నడ రంగస్థలమున పేరుగన్న బి. జయమ్మగారు కల్యాణిగా ఒక్క కేకయైనను వేయక దుఃఖమును చూపిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గొంతు నేపథ్యగానమున తొలుత వినబడినదియు ఇందే.

కాని చిత్రమంతయు భానుమతిగారిది. అప్పటి కామెకు ఇరువది యేండ్లైనను నిండలేదు. వీధిలో సుబ్బి నిలుచు తీరు, చేతులు నడుమున పెట్టుకొనుట, ఎదుటివానిని మింగునట్లు చూచుట, పిదప సుజాతయైనపుడు అదే చూపు రెప్పల క్రింద దాచుకొనుట — ఇవి యెవ్వరో నేర్పిన విద్యలుగా తోచవు. పావురముపాట వరుసకు 1941 నాటి హాలీవుడు చిత్రము “బ్లడ్ అండ్ శాండ్” లోని పాట ప్రేరణమని ప్రసిద్ధి. ఆ చిత్రమందును ఇట్టి కథయే: వృషభయోధుడు ఇల్లాలిని విడిచి విలాసవతి వెంట పోవును. అయితే అక్కడ రీటా హేవర్త్ పెదవులు కదలింపగా పాడినది వేరొక గాయని. ఇక్కడ రూపమును గొంతును ఒక్కరివే. స్పెయినుదేశపు రాత్రివిందులనుండి వచ్చిన ఆ సాగుడు తెలుగుపలుకులలో కలిసి, మోహమును సగము చెప్పి సగము మింగుచున్నట్లుండును. దానిలో అశ్లీలపదము ఒక్కటియు లేదు. మేము వెదకితిమి, ఉపాధ్యాయుని అలవాటు.

మా ఆక్షేపణ కథయొక్క న్యాయమునకు సంబంధించినది. సుబ్బిని వీధినుండి తెచ్చినవాడు మూర్తి. సుజాతాదేవిగా లోకమున నిలిపినవాడును అతడే. తాను చేసిన బొమ్మకు తాను దాసుడైనపుడు తప్పు బొమ్మదెట్లగును? బెర్నార్డ్ షా “పిగ్మేలియన్” నాటకమునందు పూలమ్ముకొను పిల్లకు దొరల భాష నేర్పిన ఆచార్యుని ఎదుట ఆ పిల్లయే నిలిచి, ఇక నా గతియేమని నిలదీయును. సుజాత నోట కథకర్త ఆ ప్రశ్న పెట్టలేదు. మూర్తికి వెనుదిరిగిపోవ ఇల్లున్నది. కల్యాణికి క్షమింప పతి యున్నాడు. పాటకత్తెకు కథలో చోటు తీరిపోయినది. ఆమె యేమైనదో విచారించు తీరిక మనకు గూడ లేదు.

ఇది మన సంప్రదాయమని ఎవరైన నందురేమో. కాదు. శూద్రకుని మృచ్ఛకటికమునందును ఇట్లే ముగ్గురున్నారు: చారుదత్తుడు, ఇల్లాలు ధూత, గణిక వసంతసేన. తన నగ ఇచ్చి పతి పరువు నిలిపిన ధూత మన కల్యాణికి పూర్వజ. కాని చివరి యంకమున క్రొత్తరాజు వసంతసేనకు వధువను పేరు ప్రసాదించును. ధూత ఆమెను చెల్లెలిగా చేరదీయును. బహుభార్యాత్వము నేటి మన ధర్మము కాదు, కారాదు. ఆ ముగింపును యథాతథముగా కోరుట లేదు. ఆ ప్రాచీనుడు గణికను గూడ కథ తుదివరకు మనిషిగా చూచెనని మాత్రమే మా మాట.

మరి రెడ్డిగారు చూడలేని వారా? 1940లో “సుమంగళి” తీసి వితంతువు పక్షము వహించినవారు. 1941లో “దేవత” తీసి, చదువుకొన్న యువకుడు వంచించిన పనిపిల్లకు న్యాయము జరిపించినవారు. వితంతువునకును పనిపిల్లకును తెరచిన తలుపు పాటకత్తెకు ఏల మూసిరి? మూసినది ఆయన యొక్కరే కాదని మాకు తోచుచున్నది. వీరేశలింగంపంతులుగారి కాలమునుండి మన సంస్కర్తలు భోగముమేళములను ఖండించిరి. ఖండింపవలసినదే. బాలికలను దేవునిపేర అంకితముచేసి బ్రతుకును తాకట్టుపెట్టు దురాచారమును మద్రాసు రాజధానిలో 1947 నాటి శాసనము నిషేధించినది. ఆ శాసనమును ఈ పంక్తులు వ్రాయుచు మరల శ్లాఘించుచున్నాము. అయితే దురాచారముతోపాటు ఆ స్త్రీల విద్యను గూడ మైలగా నెంచి వెలివేసితిమి. వారి జావళీలను, పదములను మాత్రము పిదప గౌరవకుటుంబముల బాలికలకు జీతమిచ్చి నేర్పించితిమి. పాట లోనికి వచ్చినది, పాడినవారు బయటనే యుండిరి. గురజాడ అప్పారావుగారు ఈ సంగతిని ముందే గ్రహించి, మేళములకు విరోధియైన సౌజన్యారావుపంతులు ఎదుట మధురవాణిని నిలిపిరి. మా విద్యార్థులకు ఆ ఘట్టమును ఎన్నిమారులో పాఠము చెప్పితిమి. చెప్పుచు మమ్ము మేము సౌజన్యారావుగా భావించుకొనలేదు.

కల్యాణి దుఃఖమును తేలికచేయుట మా యుద్దేశము కాదు. ఇల్లాలిని విడిచి పోయినవాడు ఏ కాలమందైనను దోషియే. ఆ దోషము అతనిదని చిత్రము స్పష్టముగా పలికియుండిన మాకు పేచీ లేకపోయెడిది. తప్పుచేసినవాడు మరలివచ్చినంతనే వాద్యములు మంగళముగా మ్రోగుట, చేయిపట్టి తెచ్చుకొన్నది లెక్కకు రాకుండుట — ఇందే సంస్కారదృష్టి కుంటుపడినది.

సుజాతకు కథలో దొరకని దానిని భానుమతిగారు బయట సంపాదించిరి. వివాహానంతరము భర్త రామకృష్ణారావుగారితో కలిసి భరణీసంస్థను స్థాపించిరి. 1953లో “చండీరాణి”ని మూడు భాషలలో తామే దర్శకత్వము వహించి తీసిరి. “అత్తగారి కథలు” వ్రాసి ఇంటింట నవ్వులు పంచిరి. మద్రాసు ప్రభుత్వ సంగీతకళాశాలకు అధ్యక్షత వహించిరి. 2003లో పద్మభూషణ బిరుదము నందిరి. విప్రనారాయణలో దేవదేవిగను, 1956 నాటి చింతామణిలో చింతామణిగను మరల మరల వేశ్యాపాత్రలనే ధరించినను, ఆమె ఎదుట తల ఎత్తి అగౌరవముగా మాటలాడినవారు లేరని ప్రతీతి. ఆ పాటను పాడుటవలన ఆమె కేమి లోపము కలిగినదో మా పట్టికలో గీత గీసిననాడు మేము ఆలోచింపలేదు.

ఆ బాలిక యిప్పుడు పదవ తరగతి. ఈ యేటి ఉత్సవమునకు పిల్లలందరు పేర్లిచ్చిరి. ఆమె యింకను ఇవ్వలేదు. నిన్న సాయంకాలము మేమే పిలిచి, పావురముపాట నాయనమ్మ చెప్పినట్లే పాడెదవా, లేక మూలములోని వరుసకు సరిచూచుకొందువా యని అడిగితిమి. “ఇంట్ల అడిగి చెప్త సార్” అన్నది. పట్టికలో ఒక పంక్తి ఖాళీగా ఉంచితిమి.