కప్ప ఉన్న తొట్టిలో చేపకు వైద్యం

అక్వేరియం చేపకు ఇచ్చే మందు చాలావరకు నీళ్లలో కలిపేదే. అదే తొట్టిలో మరుగుజ్జు కప్పలో, న్యూట్‌లనే తోక ఉభయచరాలో ఉంటే ఆ మందు వాటికీ తగులుతుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు. నీటినీ, లవణాలనూ, కొంత ఆక్సిజన్‌నూ చర్మం గుండానే లోపలికి తీసుకుంటుంది. చేపకున్న పొలుసుల రక్షణ దానికి లేదు. అందుకే చేపను నిలబెట్టే మోతాదు కప్ప ప్రాణం తీయగలదు.

ఎక్కువగా కనిపించేది తెల్లమచ్చల జబ్బు. రెక్కల మీద, తోక మీద ఉప్మారవ్వ చల్లినట్టు మచ్చలు లేస్తాయి. చేప గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది, రెక్కలు ముడుచుకుని మూలకు చేరుతుంది. దీనికి కారణం ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి. చేప చర్మంలో పెరిగి, రాలి, అడుగున తిత్తి కట్టుకుని వందల పిల్లలుగా చీలిపోతుంది. అవి ఈదుకుంటూ పోయి సుమారు రెండు రోజుల్లో చేపను పట్టుకోవాలి, లేదంటే చస్తాయి. మందు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. మచ్చలు పోయాయని వెంటనే ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

కప్ప ఒంటి మీద తేలే తెల్లటి పొర సంగతి వేరు. కప్ప తరచూ కుబుసం విడుస్తుంది, చాలాసార్లు దాన్నే తినేస్తుంది. దాన్ని బూజు అనుకుని మందు పోయడం కప్పకు పెద్ద హాని.

మలకైట్ గ్రీన్, ఫార్మలిన్, కాపర్ సల్ఫేట్, వీటిలో ఏదీ కప్పలున్న నీళ్లలో పడకూడదు. లీటరుకు రెండు మూడు గ్రాముల రాళ్లుప్పును చాలా చేపలు ఓర్చుకుంటాయి, కప్పకు అదీ వద్దు. నీటిని 30 డిగ్రీలకు వేడి చేసే పద్ధతి కూడా చల్లదనం కోరే న్యూట్‌లకు పనికిరాదు. మిగిలిన మంచి దారి ఒకటే: మచ్చలు లేని చేపలతో సహా అన్నిటినీ విడి తొట్టిలోకి మార్చి వైద్యం చేయడం. కప్పలు పాత తొట్టిలోనే ఉంటాయి. చేపలు దొరకని ఆ నీళ్లలో క్రిమి నిలవలేదు. చేపలను తిరిగి చేర్చే ముందు రెండు మూడు వారాలు ఆగడం క్షేమం. వల, పైపు, బకెట్ దేనికది వేరుగా ఉండాలి.

గుమ్మఘట్ట వంటి అనంతపురం మెట్ట ఊళ్లలో విడి తొట్టికి దొరికేది ఎక్కువగా బోరు నీళ్లే. లోతు నుంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, లవణాలు ఎక్కువ. ఒక రాత్రి వెడల్పాటి టబ్బులో గాలి పంపు పెట్టి ఉంచాకే చేపను వదలాలి. ఉప్పును లీటరుకు ఒక గ్రాముతో మొదలుపెట్టి, చేపను గమనిస్తూ పెంచాలి. ఎండాకాలంలో తొట్టి నీళ్లు ఆవిరైపోతాయి గానీ లవణాలు అందులోనే మిగులుతాయి. పై నుంచి నింపుకుంటూ పోతే నీళ్లు ఇంకా చిక్కబడతాయి. కొంత తోడేసి కొత్తవి పోయక తప్పదు. వేడి నీళ్లు ఆక్సిజన్‌ను తక్కువగా పట్టి ఉంచుతాయి, ఫార్మలిన్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఉప్పు వైద్యమే మేలు.

పుండ్ల జబ్బు వచ్చిన చెరువుల్లో భువనేశ్వర్‌లోని సీఫా సంస్థ తయారుచేసిన సీఫాక్స్ అనే మందును చెరువంతా చల్లుతారు. అక్కడ కప్ప గట్టెక్కి తప్పుకోగలదు. గాజు తొట్టిలో ఆ వీలు లేదు.

చేపలను తిరిగి చేర్చేటప్పుడు మందు నీళ్లు చుక్క కూడా పాత తొట్టిలో పడకుండా వలతోనే మార్చాలి. మిగిలిన మందు నీళ్లను వంకలో గానీ, వేదవతి మీది భైరవానితిప్ప జలాశయంలోకి పారే కాలువల్లో గానీ పోయకూడదు. మొక్కలు లేని ఎండు నేల మీద ఒంపాలి.